శాశ్వత చిరునామా

తెల్లారకముందే వరసలో నిలబడేది మనుషులు కాదు,
సంచులు.
ఢాకా విశ్వవిద్యాలయ గ్రంథాలయం గేటు ముందు
మంచుకి తడుస్తూ, జిప్పులు బిగించుకుని,
ఒకదాని వీపున ఒకటి ఆనుకుని
సర్కారు కొలువు కోసం కూర్చునుంటాయి.
సంచి లేనివాళ్ళు నీళ్ళసీసా పెడతారు, చెప్పు పెడతారు.
ఒకరోజు ఎవరో టిఫిన్ గిన్నె మూత పెట్టిపోయారు,
దాన్ని కూడా ఎవరూ దాటలేదు.
ఇంత న్యాయం ఈ ఊళ్ళో ఇంకెక్కడా చూళ్ళేదు నేను.

నా ముందు ఎప్పుడూ ఒక ఇటుక.
సున్నంతో 'లుత్ఫర్' అని రాసిన ఇటుక.
భుజాన సంచి ఉంది కదా, ఇదెందుకంటే
"సంచిని కుక్కలు లాగుతాయి,
ఇటుకతో వాటికేం పని" అన్నాడు.
అదే మా మొదటి మాట.

నాకిది రెండోసారి, అతనికి నాలుగు.
నీల్‌ఖేత్‌లో తూకానికి కొన్న పాత గైడ్లు,
వాటినిండా మాకంటే ముందు చదివినవాళ్ళ పెన్సిల్ గీతలు.
అంచులో ఒకామె రాసుకుంది:
'ఈ పేజీ అయ్యాక ఏడవొచ్చు.'
అది నూట పన్నెండో పేజీ.
నేను తొంభైలోనే కానిచ్చేశాను.

టీ బడ్డీ దగ్గర ఒక శింగారాని రెండు ముక్కలు చేసి
ఒకర్నొకరు అడుక్కునేవాళ్ళం:
ఏ ఒప్పందం ఏ ఏడాది,
ఏ దేశానికి ఏ నాణెం,
ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ పేరు మార్చుకుంది.
నదుల దగ్గర మాత్రం అతను ఎప్పుడూ తప్పేవాడు కాదు.
మార్కుల కోసమే అనుకున్నాను.

వయసు మీదపడటమంటే ఇక్కడ మోకాళ్ళ నొప్పి కాదు,
దరఖాస్తులో ఒక గడి.
లుత్ఫర్ ఆ గడి గుమ్మంలో ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు.

చైత్రమాసంలో తుది ఫలితాలు ఫోన్లోకి దిగాయి.
పేర్లుండవు, అంకెలే.
అతని అంకె ఉంది.
నా అంకెకి ముందరిదీ ఉంది,
తర్వాతిదీ ఉంది.

ఆపైన పోలీసు విచారణ.
శాశ్వత చిరునామా అన్నచోట
కురిగ్రామ్ జిల్లాలో, బ్రహ్మపుత్ర నడుమ
ఒక లంక పేరు రాశాడట.
ఎస్సై వచ్చి ఇల్లు చూపించమన్నాడు.
లుత్ఫర్ పడవ మాట్లాడాడు.
అరగంట పోయాక, నడినీళ్ళలో తెడ్డు ఆపించి
"ఇదేనండీ" అన్నాడు.
"ఇక్కడ గుమ్మం. ఆ సుడి తిరుగుతున్నచోట గొడ్లపాక.
బడి కాస్త అవతల,
అక్కడ లోతెక్కువ."

ఎస్సై బూట్లు తడవకుండా కాళ్ళు పైకి పెట్టుకుని
చాలాసేపు నీళ్ళకేసి చూశాడట.
కాగితం మీద ఏం రాయాలో తోచలేదట.
నాలుగేళ్ళు సంక్షిప్తలేఖనం సాధన చేసినవాడు కదా,
చివరికి లుత్ఫరే వాక్యం కుదిర్చి ఇచ్చాడు:
'చిరునామా సరైనదే.
ప్రస్తుతం అందులో నది కాపురముంటోంది.'

ఫోన్లో చెప్తూ అతను నవ్వాడు, నేనూ నవ్వాను.
ఫోను పెట్టేసి నదుల పేజీ తీశాను.
ఒక్కో ప్రశ్నకి నాలుగేసి జవాబులు.
ఒక్కదాన్లోనూ గుమ్మం లేదు.

ఇటుక ఇక్కడే ఉండిపోయింది.
రోజూ నా సంచి దించి
దాన్ని కాలివేలితో ముందుకి జరుపుతాను.
వానలకి సున్నం కరిగి
పేరులో సగమే మిగిలింది.
"పాసైపోయినవాడిది వరసలో ఎందుకమ్మా?"
కాపలా షంషేర్ చాచా రోజూ అంటాడు,
తీసి మాత్రం పారేయడు.

నిన్న నా వెనక కొత్త కుర్రాడొకడు,
చేతిలో పేజీలు ఇంకా విడివడని గైడు.
ఇటుకని చూసి, నన్ను చూసి,
"వీళ్ళెప్పుడొస్తారక్కా?" అన్నాడు.
"టీకి వెళ్ళారు" అన్నాను.
గేటు తీశారు.